నాన్న ఆర్డర్ ఇచ్చిన బిగ్ బ్లాక్ కారు

మా చిన్నప్పుడు... కొత్త కారు కావాలంటే షోరూంలో ఒక పొడుగాటి కాగితం ముందు పెట్టేవారు. ఏ ఇంజన్ కావాలో, ఏ సీట్లు కావాలో టిక్ పెడితే ఫ్యాక్టరీలో అలాగే చేసి పంపేవారు.

అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో చిన్న ఊరు. నాన్న అక్కడి ఆస్పత్రిలో డాక్టరు. నేను ఐదో తరగతి దాకా మన పల్లెలో చదివి అప్పుడే వచ్చాను. ఇంగ్లీషు అంతంతమాత్రం. అన్నీ చూస్తూ ఉండేవాణ్ణి...

అంతకు ముందు వేరేచోట కొన్న పాత కారుకి కొత్త ఇంజన్ వేశామని చెప్పి అమ్మారు. మంచులో గుట్ట ఎక్కలేక ఆగిపోయింది. విప్పి చూస్తే అరిగిపోయిన చిన్న ఇంజన్. ఆ రోజు నాన్న చేరేలోపే ఒక పేషెంట్ పోయాడు. అప్పట్నుంచి నాన్నకి ఎవరి మాట మీదా నమ్మకం లేదు.

ఈసారి కాగితంలో రేడియో కొట్టేశారు. కార్పెట్ కొట్టేశారు. ఏసీ కొట్టేశారు. ఇంజన్ దగ్గర మాత్రం అన్నిటికంటే పెద్దదానికి టిక్ పెట్టారు. బిగ్ బ్లాక్ అనేవారు దాన్ని. అలా ఆర్డర్ ఇచ్చేది రేసుల కుర్రాళ్లేనట. సేల్స్‌మన్ రాయ్ అనుమానంగా చూశాడు.

"డాక్, నిజం చెప్పండి. రేసులకేనా?"

"పేషెంట్లకి" అన్నారు నాన్న.

రాయ్ పడీ పడీ నవ్వాడు. ఆ ఆదివారం మమ్మల్ని భోజనానికి పిలిచాడు. ఆ ఊళ్లో మమ్మల్ని గడప లోపలికి పిలిచిన మొదటి మనిషి... మేం మాంసం తినమని వాళ్లావిడ మాకోసం ఒట్టి బంగాళాదుంపలు ఉడకబెట్టింది.

కారు రావడానికి రెండు నెలలు. అన్నాళ్లూ అమ్మకి ఒకటే గుబులు.

"ఏవండీ, చిన్న ఇంజన్ పెట్టేసి పైన పెద్ద పేరు అంటిస్తే మనకేం తెలుస్తుంది? ఊరికే నవ్వుతాడా అతను?"

నాన్న రాయ్‌కి ఫోన్ చేసి, ఆ ఇంజన్ మీద ఫ్యాక్టరీవాళ్లు ఏ అక్షరాలు కొడతారో అడిగి మందుల చీటీ మీద రాసుకున్నారు.

కారు వచ్చిన రోజు షోరూంలో అందరూ చూస్తుండగా బానెట్ ఎత్తించారు. గుడ్డపేలికతో ఇంజన్ తుడిచి, టార్చి వేసి, "చదవరా" అన్నారు.

చదివాను. చీటీలో ఉన్నవే.

"తర్వాత కొట్టి ఉండొచ్చు" అని నాన్న గోటితో గీకి చూశారు. మళ్లీ గీకారు.

రాయ్ ముఖంలో నవ్వు పోయింది. "డాక్... మీరు నా ఇంట్లో భోంచేశారు" అన్నాడు మెల్లగా. తాళాలు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ కారు గుట్టలన్నీ ఎక్కింది. నాన్నకి ఏ రోజూ ఆలస్యం కాలేదు. రాయ్ మాత్రం మమ్మల్ని మళ్లీ పిలవలేదు. ఎదురైతే తలపంకించేవాడు, అంతే.

మొన్న ఫ్రీమాంట్‌లో మా అల్లుడు కారు కొన్నాడు. ఎవరు అమ్మారని అడిగితే, "ఎవరూ లేరు మామయ్యగారూ, ఫోన్‌లో బుక్ చేశాను" అన్నాడు. ఇప్పుడు అనుమానపడదామన్నా ఎదురుగా మనిషి లేడు...

మీ ఇళ్లలోనూ ఇలా ఎవరైనా దూరమై ఉంటే రాయండి. చదువుతాను. ఆ రోజు "సరిగ్గానే ఉన్నాయి నాన్నా, ఇక చాలు" అని ఒక్క మాట అనగలిగేవాణ్ణి... అనలేదు.