పాతకాపు ఉలిక్కిపాటు

రోజూ సాయంత్రం ఆరుకు పది నిమిషాలుందనగా అతను తల దువ్వుకుంటాడు, ముందు భాగం ఒక్కటే. వెనక జుట్టు పొద్దుట దిండు మీంచి ఎలా లేచిందో అలాగే ఉంటుంది. కెమెరా అటు చూడదు. పైన ఇస్త్రీ చొక్కా, కింద మోకాళ్ళు ఉబ్బిన పాత పైజమా. జిరాక్సు మిషన్లు బాగుచేసే చేతులు కనుక గోళ్ళ సందుల్లో నల్లపొడి ఎంత తోమినా పోదు. అవి కనబడకుండా కెమెరాను కాస్త పైకెత్తి బిగించుకున్నాడు. మొత్తం మనిషిలో లోకానికి చూపించదగ్గది రెండో బొత్తాం నుంచి నుదుటిదాకానే అని అతనికీ తెలుసు. ఆ మాత్రం తెలివి ఉందని అతని భార్య కూడా ఒప్పుకుంటుంది.

అతని చానల్ పేరు 'పాతకాపు'. ఆరు నుంచి ఏడున్నర దాకా కంప్యూటర్‌లో ఆటలాడుతూ కబుర్లు చెబుతాడు. ఓ మూడు వందల మంది ఎక్కడెక్కడో కూర్చుని అది చూస్తారు, తోచింది టైపు చేస్తారు. ఇరవయ్యారేళ్ళుగా ఆడుతున్నానని మొదటే చెప్పుకుంటాడు, ఎవరో కాళ్ళావేళ్ళా పడి ఆడించినట్టు. ఆపైన ఇప్పటి పిల్లల మీద పడతాడు. ఆటలో ఎక్కడ ఏముందో వాళ్ళు ముందే వెతికి చూసుకుని వస్తారట. అది ఆట కాదట, చూసి రాసే పరీక్షట. తను మాత్రం ఏ దయ్యాల కొంపనైనా అందరితో పాటే మొదటిసారి చూస్తాడు. చూసి దడుచుకుంటాడు. జనం వచ్చేదే ఆ దడుపు కోసం.

పొద్దున్న ఆరింటికి అతని భార్య పళ్ళు తోముకుంటూ ఉంటే పక్కగదిలోంచి "అమ్మో" అని వినిపిస్తుంది. కాసేపాగి, ఇంకాస్త సన్నగా, మళ్ళీ "అమ్మో". ఒక్కోరోజు మూడోది కూడా ఉంటుంది, చివర్న దగ్గుతో. సాయంత్రం ఆడబోయే ఆటను అతను పొద్దున్నే ఓసారి ఆడేసి, ఏ గదిలో ఏ దయ్యం లేస్తుందో కాగితం మీద రాసుకుని, ఏ దయ్యానికి ఏ అమ్మో నప్పుతుందో చూసుకుంటాడు. ఆమె చెల్లెలు ఫోన్ చేసినప్పుడల్లా క్షేమసమాచారాల కంటే ముందు అదే అడుగుతుంది: "అక్కా, బావ ఇవాళ ఎన్నిసార్లు దడుచుకున్నాడు?"

ఒకప్పుడు నిజంగానే దడుచుకునేవాడు. పదిహేనేళ్ళ కిందట ఆమె ఏదో దరఖాస్తు నింపడానికి ఇంటర్నెట్ షాపుకు వెళితే, పక్క కుర్చీలో ఇతను ఆడుతున్నాడు. తెరమీద ఏదో లేచింది. ఇతను నోట మాట రాక, కుర్చీతో సహా వెనక్కి విరుచుకుపడి, ఆమె కాగితాలన్నీ చెల్లాచెదురు చేశాడు. కింద పడ్డవాడు లేవడం కూడా మరిచిపోయి, పాలిపోయిన మొహంతో అలాగే చూస్తున్నాడు. అంత నిజంగా భయపడేవాడికి అబద్ధమాడటం చేతకాదనుకుంది ఆమె. ఇరవై రెండేళ్ళప్పుడు మనుషులు ఇలాంటి లెక్కలే వేస్తారు.

ఇన్నేళ్ళు ఆడాక అతనికి భయం ఎక్కడ మిగులుతుంది? సంగీతం ఆగితే దయ్యం వస్తుందని, తలుపు సగం తెరిచి ఉంటే వెనకాల ఏదో ఉందని ఒంటికే తెలిసిపోయింది. భయం పోయిందని ఒప్పుకుంటే సరిపోయేది. దాని బొమ్మ చేసి పెట్టుకున్నాడు.

ఆమె పని కళ్ళద్దాల దుకాణంలో కళ్ళు పరీక్షించడం. లైసెన్సు కోసం వచ్చే డ్రైవర్లలో కొందరు అక్షరాల పలకలో ఆఖరి వరుసను బట్టీపట్టి వస్తారు. అలాంటివాళ్ళను పట్టుకోవడానికి ఆమె పలక వెనక దీపం వెయ్యడంలో కాస్త ఆలస్యం చేస్తుంది. చీకటి పలకను గడగడా చదివేసేవాళ్ళను చూసి నవ్వదు, తిట్టదు. అద్దాల నంబరు రాసి పంపుతుంది. ఇంట్లో మనిషికి ఏ నంబరు రాయాలో మాత్రం ఆమెకు తోచలేదు.

ఒక సాయంత్రం ఆ దీపం పని కంప్యూటర్ చేసింది. ఆటలో అతను పాడుబడిన హోటల్లో తప్పిపోయిన చెల్లెల్ని వెతుకుతున్నాడు. తొమ్మిదో గదిలో బీరువా మీద చెయ్యేశాడు. అందులోంచి దయ్యం రావాలి. సరిగ్గా అప్పుడు తెరమీద బొమ్మ కదలకుండా బిగుసుకుపోయింది. ఇతను మాత్రం వేళ తప్పకుండా గుండెమీద చెయ్యేసుకుని, కుర్చీలో వెనక్కి వాలి, సన్నరకం అమ్మో అనేశాడు. బీరువా తలుపు తెరుచుకోలేదు. చెయ్యి దించాలో ఉంచాలో తెలియక గుండెమీదే పెట్టుకుని కూర్చున్నాడు. పది సెకన్లు గడిచాయి. రోజూ వచ్చే ఒక రిటైరైన బడిపంతులు ఉన్నాడు, అంతా మాస్టారంటారు. ఆయన తప్పుల్లేకుండా టైపు చేశాడు: "బాబూ, దయ్యం ఇంకా రాలేదు."

తర్వాత బీరువా తెరుచుకుని దయ్యం వచ్చింది. పాపం దాన్ని పలకరించినవాడే లేడు.

ఆ ముక్కను కత్తిరించి జనం వారమంతా ఒకరికొకరు పంపుకున్నారు. పాతకాపుకు దయ్యం వాసన ముందే తెలిసిపోతుందని అతను బుకాయించాడు. ఎవరూ నమ్మలేదు. మూడు వందలు నూటపదికి దిగింది. ఎనిమిదో రోజున, ఆమె టిఫిన్ డబ్బా కడుగుతుంటే, వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"రేపు నువ్వొక్కసారి వచ్చి పక్కన కూర్చో. ఈయన ముందుగా ఏదీ ఆడరు, ఇంట్లో ఉండేదాన్ని, నాకు తెలుసు అను. అంతే."

"అంతేనా?"

"నీ మొహం చూస్తే ఎవరైనా నమ్ముతారు."

"అందుకని అరువడుగుతున్నావా?"

అతను నేల చూపులు చూశాడు. మొహమాటం కాదు, రేపు ఏ చొక్కా వేసుకోవాలా అని ఆలోచన. చానల్ ఉంటే ఎంత, పోతే ఎంత, ఆమెకు ఆ బెంగ లేదు. రేపు ఆ కుర్చీలో అబద్ధం చెబితే తనూ ఆ అమ్మోల్లో ఒకటైపోతుంది. నిజం చెబితే, ఈ జానెడు మొహం వెనక ఆనాటి మనిషి ఇంకా ఉన్నాడో లేడో తేలిపోతుంది. తేలకుండా ఇంకో పదిహేనేళ్ళు వండి పెట్టడం ఆమె వల్ల కాదు. వస్తానంది.

మర్నాడు ఆమె తల ముందూ వెనకా దువ్వుకుని వెళ్ళి కూర్చుంది. మా ఆవిడ అబద్ధమాడదని అతను ముందే పరిచయం చేశాడు. ఆమె కెమెరా వైపు చూసి, దుకాణంలో నంబరు చెప్పే గొంతుతోనే చెప్పింది.

"ఈయన ప్రతి ఆటా పొద్దున్నే ఆడేస్తారు. దయ్యాల పట్టిక రాసుకుంటారు. అమ్మో కూడా సాధన చేస్తారు. నాలుగేళ్ళుగా వింటున్నాను."

అతను గుండెమీద చెయ్యేసుకోలేదు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉండిపోయింది. మొహం పాలిపోయింది. మోచెయ్యి తగిలి గ్లాసులో నీళ్ళు కీబోర్డు మీదికి ఒలికినా చూసుకోలేదు. ఆ మొహాన్ని ఆమె గుర్తుపట్టింది. ఇంటర్నెట్ షాపు నేల మీద చూసిన మొహం. అతను ఇంకో నిమిషం అలాగే ఉండి ఉంటే ఆమె చెయ్యి పట్టుకునేదే.

కానీ తెరమీద చూసేవాళ్ళ మాటలు మొదలయ్యాయి. అన్న నటన అదిరిందన్నారు. వదిన ఇరగదీసిందన్నారు. ఇంత పచ్చిగా ఎవరు ఒప్పుకుంటారు, ఇదంతా కూడబలుక్కున్న నాటకమేనని ఒకరికొకరు చెప్పుకున్నారు. మాస్టారు కూడా "ఈసారి దడుపు సమయానికి వచ్చింది" అని మెచ్చుకున్నాడు.

అతను చదివాడు. మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. చొక్కా కాలరు సర్దుకుని, ఆమె భుజం మీద చెయ్యేశాడు.

"ఎలా ఉంది మా ఇద్దరి ప్రదర్శన? నాలుగు రోజులు సాధన చేశాం."

ఆమె ఆ చేతిని, గోళ్ళలో నల్లపొడితో సహా, భుజం మీంచి తీసి బల్లమీద పెట్టి లేచి వచ్చేసింది. దానిక్కూడా మెచ్చుకోళ్ళు వచ్చాయట.

ఇప్పుడు పాతకాపును తొమ్మిది వందల మంది చూస్తారు. వదిన మళ్ళీ ఎప్పుడొస్తుందని అడిగితే, ఆవిడకు బిడియం ఎక్కువ అని చెబుతాడు. ఆమె దుకాణంలో సాయంత్రం షిఫ్టుకు మారింది. ఇంటికి వచ్చేసరికి ఎనిమిదవుతుంది.