బొమ్మలు చూసేవాళ్ళ బొమ్మలు

మా చక్రపాణి ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఇరవయ్యేళ్ళుగా అదే పని కావడంతో, పెళ్ళి భోజనానికి వెళ్ళినా కూర రుచికన్నా ముందు వడ్డన వరసలో పొరపాటు కనబడుతుంది ఆయనకి. సియాటెల్ శివారు బాతెల్‌లో మా పక్కిల్లే కాబట్టి నా లాన్ మీద ఆయన అభిప్రాయాలు కూడా నాకు బాగా తెలుసు.

రెండేళ్ళ కిందట సియాటెల్‌లో ఒక మ్యూజియంలో నూట యాభై ఏళ్ళనాటి ఫ్రెంచి కార్టూన్లు పెట్టారు. అప్పట్లో పారిస్‌లో చిత్రప్రదర్శనలకు వచ్చిన జనాన్ని వెక్కిరిస్తూ వేసినవి. కాన్వాసుకి ముక్కు ఆనించి చూసే పెద్దమనిషి, కేటలాగులోంచి తలెత్తని దొరసాని, బెంచీ మీద గుర్రుపెట్టే మొగుడు. చక్రపాణి కడుపుబ్బ నవ్వాడు. ఇన్నాళ్ళకి తనలాంటివాళ్ళు దొరికారన్నాడు. మర్నాడే పెన్సిల్ పట్టాడు, చెయ్యి కూడా బాగానే తిరిగింది. ప్రతి ఆదివారం మ్యూజియానికి వెళ్ళి, బొమ్మలు చూసేవాళ్ళ బొమ్మలు వేసేవాడు. కిందన ఆఫీసులో బగ్ రిపోర్టు రాసినట్టే రాసేవాడు: "జరగాల్సింది: బొమ్మ చూడటం. జరిగింది: బొమ్మ ముందు సెల్ఫీ." మా వాట్సాప్ గ్రూపులో వాటికి మంచి గిరాకీ. నన్నూ వేశాడు, పొట్ట దాచకుండా.

ఆయన భార్య త్రివేణి ఎనిమిదేళ్ళుగా గరాజ్‌లో కూర్చుని పెయింటింగులు వేస్తోంది. మొన్న ఏప్రిల్‌లో కమ్యూనిటీ హాలు తీసుకుని మొదటిసారి ఇరవై రెండు బొమ్మలు గోడకెక్కించింది. వచ్చేది మనవాళ్ళే. ఎక్కడ కార్టూన్లోకి ఎక్కుతామోనని జడిసి రావడం మానేస్తారేమోనని ఆమె బెంగ. అందుకే ఆ ఒక్కరోజూ పెన్సిల్ ముట్టనని మొగుడి చేత ఒట్టు వేయించుకుంది.

సమోసాల టేబుల్ నాకు అప్పగించారు కాబట్టి అన్నీ చూశాను. జనం బాగానే వచ్చారు. ఒకాయన ఫ్రేములు ఎక్కడ కొన్నారని అడిగాడు. ఒకావిడ తన సోఫాకి నప్పే రంగు కోసం వెతికింది. చక్రపాణి గోడకి చేరగిలబడి గిలగిల్లాడిపోయాడు. చెయ్యి ఊరుకోదు కదా, చివరికి విజిటర్స్ బుక్ దగ్గరున్న పెన్ను తీసుకుని పేపర్ ప్లేట్ల మీద మొదలుపెట్టాడు. ఇదేం పనయ్యా అంటే, ఒట్టు పెన్సిల్ మీద కదా అన్నాడు.

నాలుగింటికి హాలు పలచబడింది. త్రివేణి వచ్చి ప్లేట్లు ఒక్కొక్కటే చూసింది. తిట్లు ఖాయమనుకుని నేను చట్నీలో గరిటె తిప్పుతూ నిలబడ్డాను. ఆమె తిట్టలేదు.

"అందరి పోలికలూ కుదిరాయండీ," అంది. "ట్వంటీ టూ బొమ్మలు పెట్టాను. మీరెన్ని చూశారు?"

ఆ బొమ్మల్ని గుడ్డల్లో చుట్టి కారెక్కించింది చక్రపాణే. లెవెల్ పెట్టి మరీ మేకులు కొట్టిందీ ఆయనే. నాకు ముందు ఆయన మీద కోపం వచ్చింది, వెంటనే సిగ్గేసింది. నేనూ పొద్దుట్నుంచీ సమోసాలే చూశాను.

చక్రపాణి ప్లేట్లు పక్కన పెట్టి గోడవైపు తిరిగాడు. ఇంతసేపూ తన భుజం పక్కనే ఉన్న బొమ్మలో, ఒకాయన కిటికీ దగ్గర ల్యాప్‌టాప్ మీదికి వంగి కూర్చున్నాడు. వెనకనుంచి వేసిన బొమ్మ. మెడ మీద ఎండ, నడినెత్తిన పలచబడ్డ జుట్టు, సగం లోపలికి మడతపడిపోయిన కాలర్. ఆయన చాలాసేపు చూశాడు. చెయ్యి దానంతటదే కాలర్ తడుముకుంది.

"ఇదెప్పుడు పెయింట్ చేశావు?"

"ఆరేళ్ళయింది. గరాజ్‌లో రోజూ మీరు కార్ పార్క్ చేసేది దీనికి ఎదురుగానే."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని రెండో బొమ్మ దగ్గరికి నడిచాడు. త్రివేణి వెనకే వెళ్ళింది. హాలు అయిదింటికి ఖాళీ చెయ్యాలి. నేను హాలువాళ్ళ ఆఫీసుకి వెళ్ళి ఇంకో గంట అడిగొచ్చాను.