బాలసుబ్రహ్మణ్యం శెట్టికి రాని వయసు

మా ఎమ్మిగనూరులో వయసు అందరికీ వస్తుంది, ఒక్క బాలసుబ్రహ్మణ్యం శెట్టికి తప్ప. డెబ్బై దాటినా ఆయనకింకా రాలేదు. ఒంట్లో ఏది మారినా తప్పు బయటివాళ్ళదే. జుట్టు నెరిస్తే నీళ్ళది, మోకాలు పీకితే మెట్లది, పన్ను కదిలితే జొన్నలది.

ఉద్యోగం అయిపోయాక రోజూ సాయంత్రం ఆయన బట్టల దుకాణంలో కూర్చుని పేపరు చదువుకోవడం నాకు అలవాటు. కళ్ళు పేపరు మీద, చెవులు శెట్టి మీద.

"బోరు నీళ్ళప్పా," అనేవాడు తెల్లటి తల నిమురుకుంటూ. "ఆ ఉప్పు నీళ్ళకు రాగి బిందెలే తెల్లగయితాండాయి. నా ఎంటికలెంత?"

"అవే నీళ్ళు పోసుకుంటున్న అమ్మగారి జుట్టు నల్లగానే ఉంది కదా శెట్టీ?"

"ఆమె యాడ పోసుకుంటాదప్పా? చెంబెడు నీళ్ళతో సరి."

దుకాణం వెనకే ఇల్లు. లోపలి నుంచి ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గొంతు వినిపించేది: "ఆ చెంబే మీ నెత్తిన ఏస్తా, నల్లగయితాయేమో చూద్దురుగానీ!"

మోకాళ్ళ సంగతి ఇంకా పెద్దది. దుకాణం మెట్లకు కొత్తగా సిమెంటు పూయించినప్పుడు మేస్త్రీ బొజ్జన్న ఎత్తు పెంచేశాడని శెట్టి నమ్మకం. బొజ్జన్నను బజారులో పట్టుకుని టేపుతో సహా లాక్కొచ్చాడు. బొజ్జన్న కొలిచాడు. పగిలిన పాత మెట్టు ఒకటి పెరట్లో ఉంటే దాన్నీ కొలిచాడు. రెండూ ఒకటే.

"ఇప్పుడేమంటావు శెట్టీ?"

శెట్టి కాసేపు వీధివంక చూశాడు. "మెట్టు పెరగలేదప్పా. బజారే కుంగింది."

నడుము దగ్గర పంచె చాలకపోతే మిల్లువాళ్ళ మోసం. మాట వినపడకపోతే, ఫోన్లు వచ్చాక మనుషులు గొణగడం నేర్చుకున్నారు. నిజం చెప్పాలంటే ఈ మాటలు వినడం నాకు హాయిగా ఉండేది. ఇంటికి వెళ్ళి అద్దంలో చూసుకున్నప్పుడు, "బోరు నీళ్ళు" అని మెల్లగా అనుకునేవాణ్ణి. నమ్మకం కుదరకపోయినా మనసు కుదుటపడేది.

ఆ దుకాణంలో గుడ్డ కొలిచి కత్తిరించేది పుల్లన్న. మీసాలు రాకముందు నుంచీ శెట్టీ, ఆయనా ఆ గద్దె మీదే ఉన్నారు. ఇద్దరూ పోట్లాడుకోని రోజు దుకాణానికి సెలవన్నమాట. ఈ మధ్య పుల్లన్న మీటరు కడ్డీని ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూడసాగాడు. వెంటనే శెట్టికి కోపం వచ్చింది, ట్యూబులైటు మీద. కొత్తది వేయించాడు. మరునాడు దాని పక్కన ఇంకొకటి. ఆ తర్వాత పుల్లన్న నెత్తిమీద ఒక పెద్ద బల్బు. దుకాణం పెండ్లిపందిరిలా వెలిగిపోయింది. ఇవన్నీ శెట్టి తన కళ్ళ కోసమే పెట్టించుకుంటున్నాడనుకుని పేపరు చాటున నవ్వుకున్నాను.

ఒకరోజు ఉరుకుందమ్మ అనే ఆమె దుకాణానికి వచ్చి, సంచి దులిపి రవికె గుడ్డలన్నీ గద్దె మీద కుమ్మరించింది. కూతురి పెండ్లికి చుట్టాలకు పెట్టడానికి కోసి ఉంచమని చెప్పిపోయి, ఆ ముందు వారమే వచ్చి తీసుకుపోయింది.

"ఏం శెట్టీ! ఇన్ని గుడ్డల్లో ఒక్కటన్నా సాలొద్దా? టైలరు నవ్వుతాండాడు. మా వియ్యపురాలికి ఒక చెయ్యే అయితాదంట. ఆయమ్మ ఒంటి చేత్తో పెండ్లికి రావాల్నా?"

శెట్టి కొడుకు కళ్యాణ్ గుడ్డలు పరిచి కొలిచాడు. అన్నీ జానెడు తక్కువ.

"నాయనా, నేను చెప్తానే ఉండా," అన్నాడు మెల్లగా. "పుల్లన్న మామకు కండ్లు ఆనవు. శానా కష్టపడినాడు, ఇంక ఇంట్లో కూసోనీ."

పుల్లన్న కత్తెర కింద పెట్టాడు. "ఇంట్లో కూసుని ఈ చేతులు యాడ పెట్టుకోవాల్నప్పా?" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

అందరం శెట్టివంక చూశాం. ఇప్పుడు తప్పు దేనిమీదికి పోతుంది? కడ్డీ మీదికా, మిల్లు మీదికా? నేను మనసులో టైలరు మీద పందెం కాశాను.

శెట్టి తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "గుడ్డలు కొలిచింది నేను. గుర్తు పెట్టింది నేను. ఆ గుర్తుకు వాడు కత్తెరేసినాడు, అంతే. నాకు కండ్లు కనపడవు. ముసిలోణ్ణయిపోతి."

ఉరుకుందమ్మ కోపం చప్పున దిగిపోయింది. "అయ్యో, అట్లనా శెట్టీ... ముందే చెప్పొద్దా?"

రాజ్యలక్ష్మమ్మ పిండి చేతులతోనే బయటికి పరుగెత్తుకొచ్చింది. "ఏమంటిరి? ఇంగోసారి అనండి."

"ఒగసారి అంటే సాలదా?"

"సాలదు. ఈ మాట కోసం ఇరవై ఏండ్ల నుంచి కాసుకోనుండా."

గుడ్డలు కత్తిరించిన రోజు శెట్టి ఊళ్ళోనే లేడు. ఆదోనిలో చుట్టాల ఇంటికి పోయాడు. అది నాకు తెలుసు, కళ్యాణ్‌కు తెలుసు, అందరికంటే బాగా పుల్లన్నకు తెలుసు. ఎవరూ నోరెత్తలేదు. నెత్తిమీద ఆ లైట్లు ఎవరికోసం వెలుగుతున్నాయో నాకప్పుడు అర్థమైంది.

ఉరుకుందమ్మకు మళ్ళీ కొత్త గుడ్డలు కోయించి పంపాక, శెట్టి పుల్లన్న పక్కకు జరిగాడు. "పుల్లా, కర్నూలు పోయి నా కండ్లు చూపించుకోవాల. ఒక్కణ్ణే పోవాలంటే భయమప్పా. తోడు రా."

"నీ కండ్లకు నేనెందుకు శెట్టీ?"

"డాక్టరు చెప్పేది ఎవరన్నా వినొద్దా? ఈ కాలం డాక్టర్లంతా గొణిగేటోళ్ళే."

మరునాడు పొద్దున్నే బస్సెక్కాం. మూడో మనిషిగా నేనూ పోయాను. ఆసుపత్రిలో, "ఎట్లాగూ వచ్చినాడు, వాని కండ్లు కూడా చూడండమ్మా, ఊరికే కూసున్నాడు," అని శెట్టి పుల్లన్నను మిషను ముందుకు నెట్టాడు.

డాక్టరమ్మ చూసి చెప్పింది: "శెట్టిగారూ, మీకు అద్దాలు మారిస్తే చాలు. పుల్లన్నగారికే రెండు కళ్ళల్లోనూ పొర ముదిరింది. ముందు ఒక కంటికి ఆపరేషన్ చేద్దాం."

పుల్లన్న శెట్టివైపు తిరిగాడు. "నన్ను ఈడికి తెచ్చేకే ఈ నాటకమంతా ఆడితివా?"

"నిన్నెవరు తెచ్చిరప్పా! పొర నాదే. నీ పక్కన కూసుంటి గదా, మిషను తప్పుదారి పట్టి నీ కంట్లో సూపించింది. ఇంక రాసేసినారు, ఏం చేస్తాం? నువ్వే చేపించుకో."

డాక్టరమ్మ అయోమయంగా నావైపు చూసింది. "ఆయనంతేనమ్మా," అన్నాను.

పుల్లన్నకు ఆ మాటలు పట్టలేదు. "అమ్మా, మళ్ళా కత్తెర పట్టుకుంటానా?"

"తప్పకుండా పట్టుకుంటారు."

ఆపరేషన్ అయిన మరునాడు కట్టు విప్పారు. పుల్లన్న ముందు కిటికీవంక చూశాడు. తర్వాత చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. గోళ్ళు, గీతలు, బొటనవేలి మీద కత్తెర కాయ. మంచం పక్కన శెట్టి నిలబడి ఉన్నాడు. పుల్లన్న తలెత్తి ఆయన మొహాన్ని అంగుళం అంగుళం కొలిచినట్టు చూశాడు.

"శెట్టీ..."

"చెప్పప్పా. కనపడతాండానా?"

"శానా బాగ కనపడతాండావు. ఎప్పుడైతివప్పా ఇంత ముసిలోనివి?"

శెట్టి కళ్ళు తుడుచుకుని డాక్టరమ్మవైపు తిరిగాడు.

"అమ్మా, కంట్లో అద్దం మరీ మంచిది వేసినట్టుండారు. రెండో కంటికి రోంత తక్కువది వేయండి."