కొత్తగా వచ్చినవాళ్ళ తాళంచెవి

మొన్న చాలా ఏళ్ళకి ఆస్టినాబాద్‌లోని మా మేనత్త ఇంటికి వెళ్తే గేటుకి లోపలినుంచి తాళం వేసి ఉంది. మెడలో తాళంచెవి వేలాడేసుకున్న ఏడేళ్ళ పిల్ల ఒకతి వచ్చి, నేనెవరో ఎందుకొచ్చానో పోలీసులకన్నా వివరంగా విచారించింది. నేను పుట్టిన ఇల్లే అది. ఆ సంగతి చెప్పినా ఆవిడ పెద్దగా చలించలేదు.

తాళంచెవిని చూడగానే నాకు పాత అసూయ మేలుకుంది. అత్త ఫీనిక్స్ బే జెట్టీలో, దీవులకెళ్ళే పడవల టికెట్లిచ్చే కౌంటర్‌లో పనిచేసేది. క్యూలో నిలబడ్డవాళ్ళకి టికెట్లు, క్యూ పక్కన గోడవార పడుకునే పిల్లలకి తన టిఫిన్ డబ్బా. కొన్నాళ్ళకి డబ్బా చాలక, పోలీసులకి చెప్పి, పిల్లల బాగోగులు చూసే కమిటీ అనుమతి తీసుకుని, పిల్లల్నే ఇంటికి తేవడం మొదలుపెట్టింది. ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే: గేటు తాళంచెవి ఎప్పుడూ అందరికన్నా కొత్తగా వచ్చినవాళ్ళ మెడలో ఉండాలి. వీళ్ళని లోపల పెట్టి బయట గడియ వేసినవాళ్ళు చాలామందేనట, ఇక్కడైనా తలుపు వాళ్ళ చేతిలో ఉండాలట. పారిపోతారమ్మా అని మా తెలుగు చర్చి పెద్దలు ఇంటికొచ్చి మరీ హెచ్చరించారు. అత్త వాళ్ళకి టీ ఇచ్చి పంపింది. నేను ఆ ఇంట్లోనే పుట్టాను గనక జన్మతః అనర్హుణ్ణి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, నా ఈడు పిల్ల ఒకతి వచ్చింది. వండూర్ దారిలో ఒక హోటల్లో గిన్నెలు తోమేదట. రాత్రి సామాన్ల గదిలో పెట్టి బయట గడియ వేసేవారట. ఒకనాడు కొబ్బరికాయల లారీ ఎక్కి జెట్టీకి వచ్చేసింది. మాట్లాడేది కాదు. తాళంచెవి మాత్రం స్నానానికి కూడా తీసేది కాదు. వారంలోపు దానితో సహా మాయమవుతుందని నా వాటా కొబ్బరి లడ్డూ పందెం కాశాను. ఎవరూ ముందుకు రాలేదు. పారిపోవడం మీద పందేలు కాసేంత తమాషా ఆ ఇంట్లో నాకొక్కడికే ఉంది.

ఒక ఆదివారం చర్చినుంచి వచ్చి అన్నాలకి కూర్చున్నాం. ఆ హోటలాయన గేటు ముందుకొచ్చి, తను ఆ పిల్లకి మామనని, తీసుకుపోతానని కేకలు మొదలుపెట్టాడు. అత్త పక్కింటాయన్ని వెనకదారిన పోలీసుల కోసం పంపి, నింపాదిగా చెయ్యి కడుక్కుని గేటు దగ్గరికి వెళ్ళింది.

"తాళం తియ్యి దీదీ."

"తాళం నాకాడుండదు. దాన్నే అడుగు."

మా అత్తకి మతి పోయిందనుకున్నాను. పిల్ల మెతుకులంటిన చేత్తోనే వచ్చి నిలబడింది. ఆయన గొంతులో తేనె పోసుకుని, చల్ బేటీ, కొత్త గౌను కొంటానన్నాడు. ఆ పిల్ల తాళంచెవిని పిడికిట్లో పట్టుకుని ఆయన వంక చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని గౌను లోపలికి జారేసుకుంది.

"చాబీ మేరే పాస్ హై. నేను తియ్యను."

మా ఇంట్లో అదే ఆమె మొదటి మాట. అని, గేటుకి ఆనుకుని నేలమీద కూర్చుంది. మేమంతా కంచాలు తెచ్చుకుని ఆమె పక్కనే కూర్చున్నాం. ఆయన అరుస్తూండగానే చేపలపులుసు అయిపోయింది. కానిస్టేబుల్ రాగానే ఆయనకేదో అర్జెంటు పని గుర్తొచ్చింది గానీ, కానిస్టేబుల్‌కి బోలెడు తీరిక ఉండడంతో వెంటపెట్టుకుని తీసుకెళ్ళాడు.

అత్తకి ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు. ఇల్లు నడిపేది ఆనాడు గేటు తియ్యనన్న ఆ పిల్లే. పగలు జెట్టీలో, అత్త కూర్చున్న కౌంటర్‌లోనే కూర్చుంటుంది. ఇవన్నీ చెబితే గొప్పలంటారు. గొప్పలే.

మొన్న నా గొంతు విని ఆమె బయటికొచ్చింది. నన్ను ఎగాదిగా చూసి, చిన్నదాని వైపు తిరిగింది.

"ఇచ్చెయ్యమ్మా. ఇయ్యాల మనింట్లో అందరికన్నా కొత్త ఈ భయ్యానే."

చిన్నది ఏమాత్రం ఇష్టం లేకుండా తాళంచెవి తీసి నా మెడలో వేసింది. ఆ ఇంట్లో పాతవాణ్ణి కావడానికి నాకు పుట్టడం ఒక్కటే సరిపోయింది. కొత్తవాణ్ణి కావడానికే ఇంతకాలం పట్టింది.