పాంటియాక్ మీది దుమ్ము

ఒహాయోలో మా వైపు పాత కార్ల బేరగాళ్లు బోలెడంత మంది. కానీ గార్త్‌కున్న ఓపిక వాళ్లలో ఒక్కడికీ లేదు. ఏ పొలం కొట్టంలో ఏ కారు మూలుగుతోందో వాడికి తెలుసు. వెళ్లీ వెళ్లగానే అమ్మమని అడగడు. ఆపిల్ కేకు పట్టుకెళతాడు, మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయంటాడు, వాకిట్లో మంచు ఎత్తిపోస్తాడు. అవతలి మనిషి మెత్తబడేదాకా ఏళ్లకేళ్లు తిరుగుతాడు. పొట్టకూటి కోసం ఎవడి తిప్పలు వాడివి, అంతవరకూ వాణ్ణి నేను తప్పుపట్టను.

ఆర్విల్ దగ్గరికీ అలాగే చేరాడు. ఇనుము పోతపోసే ఫ్యాక్టరీలో ఊపిరితిత్తులు పాడుచేసుకుని, ఒంటరిగా బతుకుతున్న ముసలాయన. కొట్టంలో అరవై తొమ్మిది నాటి పచ్చ పాంటియాక్ కారు ఉంది. భార్య పోయాక దాన్ని బయటికి తియ్యలేదు. దాని మీద దుమ్ము పొరలు పొరలుగా పేరుకుపోయింది.

ఈ వ్యాపారంలో ఆ దుమ్మే బంగారం. ఎవరూ ముట్టుకోని కారంటే కొనేవాళ్లకి పిచ్చి. కడిగి మెరిపించిన కారైతే ఎవడో అతుకులేసి తెచ్చాడని అనుమానపడతారు. ఆ సంగతి గార్త్ ఆర్విల్‌తో ఎన్నడూ అనలేదు. అంటే ముసలాడు ధర పెంచుతాడని భయం, పిసినారి వెధవకి!

చివరికి ఒక చలికాలం ఆర్విలే ఫోన్ చేశాడు. "ఒరేయ్ గార్త్, శనివారం వచ్చి బండి తోలుకుపోరా. నాకింక ఊపిరాడటం లేదు. నేను పోతే మా మేనల్లుడు దాన్ని తుక్కుకి వేసేస్తాడు. నీ దగ్గరుంటే నాకు బెంగ లేదు."

శనివారం గార్త్ కారెక్కించుకొచ్చే ట్రెయిలరుతో వెళ్లి కొట్టం తలుపు తీశాడు. కారు తళతళలాడుతోంది. పక్కనే బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఆర్విల్ దగ్గుతున్నాడు, చేతిలో తడిగుడ్డ.

"చూశావా? నిన్నంతా ఇదే పని," అన్నాడు ఆయాసపడుతూ. "పెళ్లికూతురిలా ముస్తాబు చేసి పంపుదామని."

"ఎంత పని చేశావయ్యా పెద్దాయనా! ఎవడు కడగమన్నాడు నిన్ను? ఆ దుమ్ముకే కదా రేటు!"

"దుమ్ముకా?" ఆర్విల్ నవ్వబోయాడు. "దుమ్ముకి డబ్బులిస్తార్రా ఎవరైనా?"

"ఇస్తారు! ఇప్పుడు సగం కూడా రాదు."

"మరి ముందే చెప్పొచ్చు కదరా."

దానికి గార్త్ గొంతు పెంచాడు. బుర్ర లేదా అన్నాడు, ఇన్నేళ్ల తిరుగుడూ బూడిదపాలు చేశావన్నాడు. ఖాళీ ట్రెయిలరు లాక్కుని వెళ్లిపోయాడు. నాలుగు రోజులు నాననిస్తే ముసలాడే దిగొస్తాడని లోపల ఒక లెక్క కూడా ఉంది. కోపంలోనూ బేరమే.

ఆ నాలుగు రోజులూ కాకముందే పక్కింటి బెర్నీస్ ఫోన్ చేసి, ఆర్విల్ పోయాడని చెప్పింది. గార్త్ వెళ్లేసరికి పాంటియాక్ నిండా మళ్లీ దుమ్ము.

"పొయ్యిలో బూడిద, పొలంలో మట్టి కలిపి పిండి జల్లెడతో చల్లాడు," అంది బెర్నీస్. "ఆ ఊపిరితిత్తులతో ఈ దుమ్ములో నీకిదేం పనయ్యా అని తిట్టాను. 'గార్త్‌కి నష్టం చేశాను, సరిచేస్తున్నా' అన్నాడు. పొద్దున చూస్తే ఇక్కడే, ఈ చక్రం దగ్గర పడున్నాడు."

గార్త్ బయటికొచ్చి మంచులో కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. అది నటన కాదు, నేనొప్పుకుంటాను.

మేనల్లుడు అడ్డుచెప్పలేదు, కారు గార్త్‌కే ఇచ్చాడు. వసంతంలో కాలిఫోర్నియా నుంచి ఒకాయన కొనడానికొచ్చాడు. కారు చుట్టూ తిరిగాడు, వంగి చూశాడు, ఎక్కడా చెయ్యి పెట్టలేదు.

"ఈ దుమ్ము అసలుదేనా?" అని అడిగాడు.

గార్త్ ఒకసారి ఆ చక్రం వైపు చూశాడు.

"ఆ పెద్దాయన భార్య పోయినప్పట్నుంచీ దీని మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదండీ," అన్నాడు.