మైనం ముద్ద మీద మా అమ్మాయి బొటనవేలు

మా అమ్మాయి పోయిందన్న కబురు వచ్చినప్పుడు నా రెండు చేతులూ ఉప్పునీళ్ళ తొట్టిలో ఉన్నాయి. జువ్వలదిన్నె ఒడ్డున సొరచేప ముక్కలకు ఉప్పు పట్టిస్తున్నాం. మా అల్లుడి అన్న ఇసుకలో పరుగున వచ్చి తొట్టికి అవతల నిలబడ్డాడు. "అత్తా, చేతులు కడుక్కో" అన్నాడు. పిల్లకు జ్వరం తగ్గుముఖం పట్టిందని ముందురోజే కబురు పంపిన మనుషులు ఇవాళ చేతులు కడుక్కోమంటున్నారంటే నాకు తెలిసిపోయింది.

నేను తిన్నగా అతని వెంట వెళ్ళలేదు. ఇంటికి వెళ్ళి, వాసానికి వేలాడే గుడ్డ మూట విప్పి, అందులోని మైనం ముద్ద తీసి కొంగున కట్టుకున్నాను. పక్కింటి అత్త గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"సావింటికి పోతా ఆ మైనం ఎందుకమ్మే నీకు? మతి గానీ పోయిందా?"

అప్పుడు ఆమెకు జవాబు చెప్పే ఓపిక లేకపోయింది. ఇప్పుడు చెబుతున్నాను. నేను మిషను బడిలో మూడో తరగతి దాకా చదివినదాన్ని. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకోండి. మాట మాత్రం వంకర లేదు.

మా ఆయన సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రాలేదు. తెప్ప ఒడ్డుకు వచ్చింది, ఆయన రాలేదు. అప్పటికి మా అమ్మాయి ఇంకా గౌను తొడుక్కునే వయసులో ఉంది. ఆ తర్వాత నేను ఉప్పుచేపల పనికి వెళ్ళడం మొదలుపెట్టాను. కోయడం, కడగడం, ఉప్పు పట్టించడం, ఎండకు ఆరబెట్టడం. చేప ముళ్ళు గుచ్చుకుంటాయి, ఆ గాట్లలోకి ఉప్పు దిగుతుంది, పైన ఎండ కాస్తుంది. నాకు నలభై నిండాయో లేదో, నా చేతులు మాత్రం మా అమ్మమ్మ చేతుల్లా అయిపోయాయి. వేళ్ళ మొదళ్ళలో పగుళ్ళు. చేతి వెనక తోలు పలచబడి, ముడతలు పడి, నరాలన్నీ పైకి తేలాయి. పిడికిలి బిగిస్తే రక్తం వచ్చేది. వయసు మీద పడితే అంతే అనుకున్నాను. మా అమ్మ చేతులూ అలాగే ఉండేవి, ఎవరూ వాటిని చూసి ఏమీ అనేవాళ్ళు కారు.

మా అమ్మాయి అంది. అప్పటికి దానికి పదహారో పదిహేడో. నాతోపాటే తొట్టి దగ్గరికి వచ్చేది. ఒకరోజు అన్నం తింటూ నా కంచంలోకి చూసింది.

"మా, పులుసు పెట్టుకోవా?"

"వద్దులేమే. మజ్జిగ చాలు నాకు."

"నిన్నా మజ్జిగే, మొన్నా మజ్జిగే. ఎందుకు?"

"కడుపులో మంటగా ఉండాది."

అది లేచి వచ్చి నా కుడిచెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. "మంట కడుపులోనా, ఈడనా?" అంది. కారం పగుళ్ళలోకి పోయి మండుతుందని పులుసు మానేసి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. ఆ పూట అదే పులుసన్నం కలిపి నా నోట్లో పెట్టింది. పెడుతూ ఒకటే సణుగుడు. "వల చినిగితే చెట్టు కింద కూచోని కుడతారు గదా ఈ ఊరోళ్ళంతా. చెయ్యి చినిగితే ఎవురూ కుట్టరేం?"

అన్నం తిన్నాక వాసానికున్న మూట దించింది. అది వాళ్ళ నాయన తెరచాప కుట్టే దారానికి రుద్దుకునే మైనం ముద్ద. ఆయన పోయాక నేను దాన్ని ముట్టుకోలేదు. వద్దే అన్నాను. "తెరచాప లేదు, కుట్టేవోడు లేడు. ఇది ఇంకెవురికి మా?" అని ముద్ద మీద బొటనవేలు బిగించి నొక్కి, గోటితో గీరి గీరి చిప్పలోకి తీసింది. కొబ్బరినూనె పోసి సన్నసెగ మీద కరిగించింది. నా చేతులు గోరువెచ్చని బియ్యం కడుగు నీళ్ళలో నానబెట్టింది. తవుడుతో మెల్లగా రుద్ది, పాత పంచె గుడ్డతో అద్ది తుడిచింది, గట్టిగా తుడవకూడదట. వేడి ఓర్చుకునేంత ఉన్నప్పుడే మైనం నూనె పట్టించింది. అందులో చిటికెడు పసుపు వేసిందని రాసేటప్పుడు గానీ నేను చూసుకోలేదు.

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "పసుపు నాకు పనికిరాదమ్మణ్ణీ, తప్పు" అన్నాను.

మొగుడు పోయిన ఆడదానికి పసుపు ఒంటికి తగలకూడదని మా పెద్దవాళ్ళు పెట్టిన నియమం. మా అమ్మాయికి అది ఎప్పుడూ తలకెక్కలేదు.

"పులుసులో పసుపు తింటా ఉండావు గదా మా. కడుపులోకి పోతే తప్పు లేదు, చేతికి తగిలితే తప్పా? ఇటు పెట్టు. చర్మానికి మొగుడు ఉండాడో లేడో తెలీదు. దానికి ఉప్పు తెలుసు, నూనె తెలుసు."

ఆ మాట నేను ఎన్నిసార్లు నాలో నేను చెప్పుకున్నానో. కానీ మొదటిసారి విన్నప్పుడు గుమ్మం వైపు చూశాను. పక్కింట్లో విన్నారేమోనని.

విన్నారు. వినడం కాదు, మర్నాడు చూశారు. నా అరచేతులు పచ్చగా మెరుస్తున్నాయి. ఎంత కడిగినా గోళ్ళ సందుల్లోది పోలేదు. తొట్టి దగ్గర పక్కింటి అత్త అందరూ వినేలా అడిగింది.

"ఏందమ్మే, చేతులు పచ్చగా ఉండాయి? మళ్ళీ పెళ్ళి గానీ కుదిరిందా?"

నేను తల వంచుకున్నాను. మా అమ్మాయి కత్తి పక్కన పెట్టింది. "కుదిరింది అవ్వా. ఉప్పుతో కుదిరింది. వచ్చేటప్పుడు ఈ పగుళ్ళు సారె తెచ్చినాడు. ఆయన్ని సాగనంపను నూనె రాస్తా ఉండా. నీకూ వచ్చినాడు గదా, నీ చేతులు చూపీ ఒకసారి."

తొట్టి చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. అత్త చేతులు కొంగులోకి లాక్కుంది. ఆ రోజు నుంచి మా అమ్మాయి ఆ పని ఇంటి లోపల చెయ్యలేదు. పొద్దు వాలేముందు వాకిట్లో పీట వేసి, నన్ను కూర్చోబెట్టి, దారిన పోయే వాళ్ళందరూ చూస్తుండగా నా చేతులు తన ఒళ్ళో పెట్టుకునేది. దానికొక ఆట ఉండేది. నా చేతి వెనక తోలు రెండు వేళ్ళతో పట్టి పైకి లాగి వదిలేది. అది గుడారంలా అలాగే నిలబడి, తీరిగ్గా కిందికి దిగేది. "ఇది దిగేలోపల నేను కావలికి పోయి సినిమా చూసి రావచ్చు" అనేది. కొన్నాళ్ళు పోయాక, "ఇప్పుడు బస్సు ఎక్కేదానికే టైమ్ సాలదు మా" అని సంబరపడింది. ముడతలు పోలేదు. ముడతలు పోవాలని అది ఎప్పుడూ అనలేదు. "ముసిలి చెయ్యి ముసిల్దిగానే ఉండనీ. నొప్పి మాత్రం ఎందుకు?" అనేది. పగుళ్ళు మూసుకున్నాయి. నేను మళ్ళీ పులుసన్నం నా చేత్తో నేనే కలుపుకున్నాను. అది చూసి ఇంకో చేప ముక్క వేసింది. ఆ ముక్కకున్న రుచి నాకు ఇంకా నాలిక మీద ఉంది.

దాని పెళ్ళికి పసుపు దంచే చోటికి నన్ను రానివ్వలేదు. నేనూ అడగలేదు, పెరట్లో పొయ్యి దగ్గర ఉండిపోయాను. నలుగు పెడుతుంటే మధ్యలో లేచి, పసుపు కారుతున్న చేతులతో పెరట్లోకి పరుగెత్తి వచ్చింది మా అమ్మాయి. వెనక ఆడవాళ్ళు కేకలు. నా రెండు చేతులూ పట్టుకుని తన చేతుల పసుపంతా వాటికి తుడిచేసింది. "నువ్వు ముట్టలేదు మా, నేను ముట్టినాను. ఎవురన్నా అడిగితే నా పేరు చెప్పు" అంది. ఒళ్ళంతా పసుపుతో, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ. పెళ్ళిపీటల మీద కూర్చున్న పిల్ల కంటే ఆ పెరట్లో నిలబడిన పిల్లే నాకు ఎక్కువ గుర్తు.

అత్తవారిది పక్క పల్లె, ఒడ్డు వెంట నడిచి వెళ్ళేంత దూరం. మైనం నా దగ్గరే ఉంచి వెళ్ళింది. వచ్చిన ప్రతిసారీ కాళ్ళు కడుక్కోకముందే నా చేతులు అందుకుని అటూ ఇటూ తిప్పి చూసేది. రాయలేదని తెలిస్తే తిట్టేది. "నీ చేతులు చూపీవే" అని నేనంటే కొంగు కింద పెట్టుకునేది. "కొత్త కోడలి చేతులు ఎట్టుంటాయి? గోరింటాకు పెట్టుకోని కూచోనుండా" అని నవ్వేది. నమ్మాను. తల్లిని, నమ్మాలని ఉంటుంది.

ఆ పల్లెలో అప్పుడప్పుడే రొయ్యలకు గిరాకీ వచ్చింది. నైలాను వలలు వచ్చాయి, మంచుగడ్డలు వేసుకుని లారీలు వచ్చాయి. ఆడవాళ్ళంతా రొయ్యలు ఒలిచే పనిలో పడ్డారు. రొయ్య తల మీది కొమ్ము చేప ముల్లు కంటే పాడుది. ఒలిచేకొద్దీ కారే నీళ్ళు చర్మాన్ని తినేస్తాయి, పైన మంచు. ఇవన్నీ నాకు ఆ రోజు తెలిశాయి.

వెళ్ళేసరికి మా అమ్మాయిని నడింట్లో పడుకోబెట్టారు. మొగుడు ఉండగా పోయింది కాబట్టి పసుపు పూసి స్నానం చేయిస్తారు. ముత్తయిదువలు చుట్టూ చేరారు, పసుపు గిన్నె మధ్యలో ఉంది. నేను దాని పక్కన కూర్చుని చెయ్యి తీసుకున్నాను. తీసుకుని చూస్తే అది నా చెయ్యి. నా పాత చెయ్యి. ఇరవయ్యేళ్ళు దాటి నాలుగు రోజులు కాని పిల్లకు వేళ్ళ మొదళ్ళలో పగుళ్ళు, గోళ్ళ చుట్టూ తోలు లేచి, చేతి వెనకంతా ముడతలు. నా చేతులు ఒళ్ళో పెట్టుకున్న పిల్ల చేతుల్ని ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళు లేకపోయారు.

నేను పసుపు గిన్నె నా వైపుకు లాక్కున్నాను. మా వియ్యపురాలు నా మణికట్టు పట్టుకుంది.

"వదినా, నువ్వు అవతల కూచో. పిల్ల పుణ్యస్త్రీగా పొయ్యింది. పసుపులో నీ చెయ్యి పడగూడదు."

"దీనికి పుట్టినప్పుడు మొదటి పసుపు పూసింది ఈ చెయ్యే వదినా."

"అప్పుడు నీకు మొగుడుండె."

"అప్పుడు మొగుడుండె. ఇప్పుడు ఉండేది ఈ పిల్లొకతే. దీన్ని గూడా ముట్టొద్దంటే నేను ఎవుర్ని ముట్టేది?"

ఆమె చెయ్యి వదల్లేదు. ఆమె కళ్ళలోనూ నీళ్ళే. చెడ్డ మనిషి అని నేను అనను. ఆమె నేర్చుకున్నది ఆమె చెప్పింది. నాకు మా అమ్మాయి నేర్పింది నేను చెప్పాను. "చర్మానికి మొగుడు ఉండాడో లేడో తెలీదు వదినా. ఈ మాట నాది గాదు, ఇదిగో, దీనిది. ఎవురన్నా అడిగితే దీని పేరు చెప్పు" అన్నాను. ఆమె వేళ్ళు వదులయ్యాయి.

కొంగు విప్పి మైనం తీశాను. కాస్త నిప్పు ఇమ్మని అడిగితే ఎవరూ కదల్లేదు. చావు ఇంట్లో పొయ్యి రాజెయ్యరు. సరే అన్నాను. ముద్దలోంచి ఒక ముక్క తుంచి నా రెండు అరచేతుల మధ్య పెట్టి పిసికాను. ఒకప్పుడు పిడికిలి బిగించలేని చేతులు ఇవి. రాయిలాంటి మైనాన్ని ఒంటి వేడితోనే మెత్తగా చేశాయి. అందులో పసుపు కలిపాను. ఒక్కొక్క వేలూ, ఒక్కొక్క పగులూ, గోరు గోరుకూ పట్టించాను. నాకు అది ఎలా రాసేదో అలాగే రాశాను, తొందరపడలేదు. ఎవరో ఒక ముసలామె, "ఆ ఎడం చెయ్యి గూడా రాయమ్మే" అంది. రాశాను. తుడవనివ్వలేదు. ఆ చేతులతోనే ఇసుకలోకి వెళ్ళింది మా అమ్మాయి.

పెద్దకర్మ అయ్యాక మళ్ళీ తొట్టి దగ్గరికి వెళుతున్నాను. ఊళ్ళో అంటున్నారని తెలుసు. కూతురు మట్టిలో కలిసి నెల తిరగలేదు, దీనికి చేతుల సోకు కావాల్సి వచ్చిందా అని. అవును, కావాల్సి వచ్చింది. ఏడవమంటే ఏడుస్తాను, ఏడుస్తూనే రాసుకుంటాను. ఆ పిల్ల ఇన్నేళ్ళు కూర్చుని బాగుచేసిన చేతుల్ని ఉప్పుకు వదిలెయ్యమంటే నా వల్ల కాదు. దాని కష్టంలో నా కళ్ళకు కనిపించేది ఈ రెండే మిగిలాయి. ఇది చదివే అమ్మలకు ఒక్కటి చెబుతాను. మీ ఆడపిల్ల మీ ఇంటికి వచ్చినప్పుడు చేతులు కొంగు కింద పెట్టుకుంటే, నవ్వి ఊరుకోకండి. బయటికి లాగి చూడండి.

రోజూ పొద్దు వాలేముందు వాకిట్లో అదే పీట వేసుకుంటాను. లోపల కాదు, వాకిట్లోనే. పక్కింటి అత్త గుమ్మంలోంచి చూస్తుంటుంది, ఈమధ్య ఏమీ అనడం లేదు. మైనం ముద్ద బాగా అరిగిపోయింది. ఒక పక్క మా అమ్మాయి బొటనవేలు నొక్కిన గుంట ఉంది, ప్రతిసారీ అక్కడే నొక్కి పట్టుకునేది కాబట్టి లోతుగా పడింది. ఆ గుంటలో నా బొటనవేలు పెట్టుకుని, రెండో పక్క నుంచి గీరుకుంటాను. గీరడం అయ్యాక మూట కట్టేముందు ఒకసారి ముద్దను ఎండకు ఎత్తి పట్టుకుంటాను. మిగతాదంతా చీకటిగానే ఉంటుంది. ఆ వేలు గుంట ఉన్నచోట మాత్రం మైనం పలచగా ఉండి, వెలుతురు పచ్చగా ఇవతలికి వస్తుంది.