నాలుగు కొమ్ముల చాచా

మొన్న శుక్రవారం పొద్దున మా వనపర్తి మసీదు మైకులో ఒక పేరు చెప్పారు. ఎవరో నాకు తట్టలేదు. పక్కింటాయన వచ్చి "సార్, మన నాలుగు కొమ్ముల చాచా పోయిండు" అన్నాక గానీ తెలియలేదు. నా ప్యాంట్లన్నీ కుట్టిన మనిషి అసలు పేరు నాకు గుర్తే లేదు. ఆ నాలుగు కొమ్ముల పేరు తగిలించింది మాత్రం నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

చాచా దర్జీ. నెలకో ఆదివారం కొట్టు మూసి అడవి జంతువులను చూడటానికి బస్సెక్కేవాడు. వేటకు కాదు. చూసి, ఏ జంతువో గుర్తుపట్టి, తిరిగి రావడానికి, అంతే. కృష్ణజింకల కోసం గద్వాల దిక్కు చేలల్లో తిరిగేవాడు. మిగతావాటి కోసం శ్రీశైలం భక్తులతో కలిసి బయల్దేరి, నల్లమలలో మన్ననూరు దగ్గరే దిగిపోయేవాడు. అక్కడా మెడలో టేపు ఉండాల్సిందే. తడిమట్టిలో గిట్టల గుర్తు కనబడితే పొడుగూ వెడల్పూ కొలిచేవాడు. మా నడుములూ ఛాతీలూ రాసుకునే కొలతల పుస్తకంలోనే, వెనక పేజీల్లో ఆ కొలతలు ఎక్కేవి. ప్రతి జంతువు కిందా చివర ఒకే మాట: 'చూసినోళ్లు: ఒక్కడు.'

"పండుగ బట్టలు ఇయ్యాలె, నువ్వు అడివికి పోతవు. జింకలేమన్న నీతోని ప్యాంట్లు కుట్టిచ్చుకుంటయా?" అని చాచీ దులిపేసేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. కానీ ఎవరైనా "జింకను చూసినవా చాచా" అంటే మాత్రం వదిలేవాడు కాదు. "ఏ జింక? చుక్కల దుప్పినా, కణితినా? జింక అంటె జవాబు గాదు. మనిషి అని చెప్తె షర్టు కుట్టొస్తదా?"

ఒక వేసవిలో మన్ననూరు నుంచి వచ్చి, సంచి కూడా దించకుండా నాతో అన్నాడు. "సార్, కొండగొర్రెను జూసిన. నాలుగు కొమ్ములు! రెండు చెవుల నడ్మ, రెండు నొసటి మీద. ఉర్దూల చౌసింగా అంటరు."

నేను లెక్కల మాస్టరును. నోరు ఊరుకోదు. "చాచా, రెండు కొమ్ములు నాలుగు కనపడుతున్నయంటె జర అద్దాలు మార్చు" అన్నాను. కొట్టులో ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. మాట ఊరంతా పాకింది, పేరు స్థిరపడింది. నవ్వుతో పోతే బాగుండేది. చాచాకు చూపు పోయిందట కదా అని గిరాకీ పక్క వీధికి మళ్లింది.

ఒకరోజు నా ప్యాంటు ఇస్తూ, తల ఎత్తకుండా అన్నాడు. "కండ్లు మంచిగ లేవంటె దర్జీకి ఇంకేం మిగుల్తది సార్? ఒక్కపారి నా ఎంబడి రా. లేకుంటె లేదని నువ్వే చెప్పు." సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సెలవుల్లోనే వెంట వెళ్లాను.

మన్ననూరులో ఆయనకు తెలిసిన, అడవి వాచరుగా చేసే చెంచు పెద్దాయన తెల్లారగానే మమ్మల్ని వాగు దాకా తీసుకెళ్లాడు. వాగు ఎండి ఒక్క మడుగే మిగిలింది. పక్కన పెంటికల కుప్ప. "ఇది రోజు ఒక్కతాన్నే పెంటికలేస్తది సార్. గీడికే వస్తది, జర సబర్ పట్టు" అని చాచా చెవిలో చెప్పాడు. రెండు గంటలు కూర్చున్నాం. చీమలు కుట్టాయి, నా మోకాళ్లు పట్టేశాయి. చివరికి పొదల్లోంచి మేకంత జంతువు వచ్చి నీళ్లు తాగింది. దాని తల మీద కొమ్మే లేదు. నేను ఆయన చెవి వైపు వంగాను.

"చాచా, సున్నా."

"గది ఆడది. ఆడదానికి కొమ్ములుండయి. ఆగు."

దాని వెనకే మగది వచ్చింది. నీళ్లు తాగి తల ఎత్తితే ఎండ నేరుగా నొసటి మీద పడింది. నేను వేళ్లు ముడిచి లెక్కపెట్టాను. చెవుల మధ్య ఒకటి, రెండు. నొసట బొటనవేలంత పొట్టివి మూడు, నాలుగు. మళ్లీ లెక్కపెట్టాను. నాలుగే! గెలిచింది చాచా, కేక మాత్రం నాకు వచ్చింది. ఆయన చప్పున నా నోరు మూశాడు. అవి వెళ్లిపోయాక ఇద్దరం కళ్ల నీళ్లు కారేదాకా నవ్వాం. చాచా తన మెడలోని టేపు తీసి దండలా నా మెడలో వేశాడు. "ఇగ చెప్పు సార్, ఊరోళ్లకు."

చెప్పాను. బస్సు దిగి, మెడలో టేపుతోనే సరాసరి హోటల్లోకి నడిచాను. "నాలుగు! రెండుసార్లు లెక్కవెట్టిన. తప్పు నాది, చాచాది గాదు" అని అందరికీ వినబడేలా అరిచాను.

"లెక్కల సారే లెక్కవెట్టిండంటె ఇగ ఉన్నట్టే" అన్నాడు హోటలాయన.

ఆ రంజానుకు చాచా కొట్టు ముందు నిలబడే చోటు లేదు. పేరు మాత్రం పోలేదు. ఆయనే బోర్డు మీద నాలుగు కొమ్ముల తల ఒకటి గీయించుకుని, రోడ్డు మీద పోయేవాళ్లను పిలిచి మరీ చూపించేవాడు.

చాచా పోయిన మూడో రోజున వాళ్లింటికి వెళితే చాచీ కొలతల పుస్తకం తెచ్చింది. "ఇందుల నువ్వు రెండుతాన్ల ఉన్నవ్ సార్" అంది. ముందు పేజీల్లో నా నడుము ఉంది. ఆమె వెనక నుంచి తెరిచింది. పేజీ పేజీకీ 'ఒక్కడు', 'ఒక్కడు' అని దాటుకుంటూ ఒకచోట ఆగాను. 'కొండగొర్రె. మగది. కొమ్ములు 4. చూసినోళ్లు: ఇద్దరు.' ఆ చివరి మాట చుట్టూ బట్టల మీద గీసే నీలం సుద్దతో గుండ్రంగా గీసి ఉంది. తడిమితే నా వేలికి అంటింది.